లెక్కకు రాని సమ్మతి



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ బౌరంపేట్‌లో కూడామో ఆ తల్లి ఈ చుట్టుపక్కల ఉపకేంద్రాల్లో ఏఎన్ఎంగా పనిచేశారు. ఇంటివారి కోరిక మేరకు ఈ అచ్చుప్రతిలో ఆమె పేరు వేయడం లేదు. ఊరందరికీ ఆమె సిస్టరమ్మ, అది చాలు. స్మారకోపన్యాసంలో పోయినవారి గుణగణాలు కీర్తించడం ఆనవాయితీ. వారి ఉద్యోగం మన ముందు వదిలిపెట్టి వెళ్లిన ప్రశ్నను ఎత్తుకోవడం కూడా శ్రద్ధాంజలే అని నేను అనుకుంటాను. 1996 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం లక్ష్యాల పద్ధతిని ఎత్తివేసేదాకా దేశంలో ప్రతి ఏఎన్ఎం నెత్తిమీదా ఒక లెక్క ఉండేది. ఏడాదికి ఇన్ని ఆపరేషన్లు, ఇన్ని కాపర్‌టీలు. గడప గడపకూ తిరిగి ఆడవాళ్ల బాధ విన్నదీ ఆమే, వాళ్లను క్యాంపుకు తీసుకెళ్లి రిజిస్టర్ నింపవలసిందీ ఆమే. ఈ రెండు పనుల నడుమ ఆమె నలిగిన తీరును అర్థం చేసుకుంటే తెలుగునాట గర్భం చుట్టూ నడిచిన రాజకీయం చాలావరకు అర్థమవుతుంది.

నేను చెప్పదలచింది ఒక్కటే. మన దేశంలో గర్భస్రావం యాభై ఏళ్లకు పైగా చట్టబద్ధం. అయినా అది స్త్రీ హక్కుగా పుట్టలేదు. జనాభాను అదుపు చేయాలనుకున్న రాజ్యానికి పనికివచ్చే వెసులుబాటుగా పుట్టింది. రాజ్యం ఒకప్పుడు కనవద్దంది, ఇప్పుడు కనమంటోంది. రెండు సందర్భాల్లోనూ కనే మనిషిని అడగలేదు. అందువల్ల అబార్షన్ హక్కును ఒంటరిగా మాట్లాడితే మన చరిత్ర మనకు అందదు. ఆపరేషన్ క్యాంపు, గర్భసంచి తొలగింపు, ఇద్దరు పిల్లల నిబంధన, వీటన్నిటినీ ఒకే దారానికి గుచ్చి చూడాలి.

ఆ దారం కొస రాజమహేంద్రవరంలో ఉంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం అక్కడ మొదటి వితంతు వివాహం జరిపించారు. వితంతు వివాహం కోరిన ఆనాటి సంస్కర్తల వాదంలో కరుణతో పాటు ఒక చేదు నిజం ఉండేది. మళ్లీ పెళ్లికి నోచుకోని బాలవితంతువులు గర్భం దాల్చినప్పుడు చాటుమాటు పద్ధతులతో ప్రాణాలు పోగొట్టుకునేవారు, బతికితే కోర్టు మెట్లు ఎక్కేవారు. అదే 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే వితంతువుకు శిశుహత్య నేరం కింద కోర్టు మరణశిక్ష వేసింది, అప్పీలులో దాన్ని తగ్గించారు. ఆ కేసు మీద రేగిన దుమారానికి జవాబుగా మరుసటి ఏడాది తారాబాయి శిందే మరాఠీలో తన ప్రసిద్ధ గ్రంథం రాసి, ఆ గర్భానికి కారకుడైన మగవాడు ఏడీ అని అడిగింది. చట్టం మాత్రం ఆ మగవాణ్ని వెతకలేదు. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షను గర్భస్రావం చేసినవారితో పాటు చేయించుకున్న స్త్రీని కూడా నేరస్థురాలిని చేసింది. ఆ సెక్షను ఇప్పటికీ పోలేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షనుగా కొత్త అంకె తగిలించుకుని కూర్చుంది. 1971 గర్భస్రావ చట్టం దానికి ఒక మినహాయింపు మాత్రమే. ఈ సంగతి చదువుకున్నవారిలో కూడా చాలామంది గమనించరు.

ఆ మినహాయింపు వెనక కూడా ఒక రాజమహేంద్రవరం మనిషి ఉన్నారు. 1918లో అక్కడ పుట్టిన శ్రీపతి చంద్రశేఖర్ ప్రపంచం గుర్తించిన జనాభా శాస్త్రవేత్త. 1967 నుంచి 1970 వరకు కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ చూశారు. 1964లో ఏర్పడిన శాంతిలాల్ షా కమిటీ 1966లో నివేదిక ఇచ్చింది. చాటుగా చేయించుకునే గర్భస్రావాల వల్ల తల్లులు చనిపోతున్నారని, చట్టాన్ని సడలించాలని చెప్పింది. చంద్రశేఖర్ మంత్రిగా ఉండగానే 1969లో బిల్లు రాజ్యసభ ముందుకు వచ్చింది. 1971లో చట్టమై 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అమెరికాలో గర్భస్రావాన్ని హక్కుగా గుర్తించిన రో వర్సెస్ వేడ్ తీర్పు రావడానికి అప్పటికి ఇంకా తొమ్మిది నెలలకు పైగా ఉంది. మనం ముందున్నామని గర్వపడటానికి ఇది చాలు. అయితే ఆ ముందుచూపు దేనికోసమో కూడా చూడాలి. ముగ్గురు లేదా అంతకు మించి పిల్లలున్న తండ్రులకు నిర్బంధంగా ఆపరేషన్ చేయాలన్న ఆలోచనను బహిరంగంగా సమర్థించిన మంత్రి ఆయనే. 1974లో గర్భస్రావం మీద ఆయన వెలువరించిన పుస్తకం పేరులోనే కిక్కిరిసిన ప్రపంచం అన్న మాట ఉంది. ఆయన దుర్మార్గుడని నేను అనడం లేదు. తల్లుల మరణాలు ఆయనను కలతపెట్టాయి. కానీ ఆ కాలపు విద్యావంతులందరి లాగే ఆయనకూ స్త్రీ ముందుగా ఒక జననాల రేటుగా కనబడింది.

చట్టం అక్షరాల్లో ఆ చూపు తెలుస్తుంది. గర్భం వద్దని స్త్రీ చెప్పడం అందులో సరిపోదు. కొనసాగితే ఆమె శరీరానికో మనసుకో హాని అని డాక్టరు నమ్మాలి. గర్భనిరోధక సాధనం విఫలమైతే దాన్ని మానసిక హానిగా పరిగణించే వెసులుబాటు 2021 దాకా పెళ్లయిన స్త్రీకే ఉండేది. చిన్న కుటుంబం పాటించబోయి తప్పిపోయిన దంపతులకు రాజ్యం ఇచ్చిన సాయం అది. 2021 సవరణ భర్త అన్న చోట భాగస్వామి అని రాసి, కొన్ని వర్గాలకు గడువును 24 వారాలకు పెంచింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీలకూ అది సమానంగా వర్తిస్తుందని, ఈ చట్టం వరకు భర్త చేసిన బలాత్కారమూ బలాత్కారమేనని తీర్పు చెప్పింది. గొప్ప తీర్పు. ఏడాది తిరిగేసరికి, 2023 అక్టోబరులో, ఇద్దరు పిల్లల తల్లి ఒకామె 26 వారాల గర్భంతో అదే కోర్టుకు వెళితే ద్వారం మూసుకుంది. అనుమతి ఇచ్చేవారి చేతిలో ఉన్నంతకాలం అది హక్కు కాలేదు.

ఇక అత్యవసర పరిస్థితి. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో ఎక్కువ భాగం మగవాళ్లకే. తరువాత ఆ కాలపు అకృత్యాలను విచారించిన షా కమిషన్ 1774 మరణాలను నమోదు చేసింది. 1977లో ప్రభుత్వం కూలింది. దాని నుంచి పాలకులు నేర్చుకున్న పాఠం బలవంతం చేయకూడదన్నది కాదు, మగవాళ్ల జోలికి పోకూడదన్నది. ఆ తరువాత కుటుంబ నియంత్రణకు కుటుంబ సంక్షేమం అని పేరు మారింది, కత్తి ఆడవాళ్ల వైపు తిరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశంలో మగవారి ఆపరేషన్ వాటా అర శాతం కూడా లేదు. పదిహేడు పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై రెండుకు ఇద్దరు పిల్లలు, ఇరవై మూడుకు ఆపరేషన్. మన ఇళ్లలో ఎందరు అమ్మల జీవితక్రమమో ఇది! రెండు కాన్పుల మధ్య ఎడం కోసం మాత్రలో కాపర్‌టీయో వాడుకోవచ్చని వాళ్లకు చెప్పినవారు అరుదు.

ఇక్కడ కాసేపు ఆగి పటాన్‌చెరు గురించి చెప్పాలి. మన ముందున్న ఔటర్ రింగురోడ్డు మీద పడమటికి వెళితే వచ్చే ఊరే. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను భారత వైద్య పరిశోధన మండలి ప్రయోగాత్మకంగా ఇవ్వడం మొదలుపెట్టింది. సూది వేయించుకోవడానికి వచ్చిన పేద స్త్రీలకు అది ప్రయోగమన్న సంగతి చెప్పలేదు. దుష్ఫలితాలు ఏమిటో, రేపు పిల్లలు కావాలంటే ఏమవుతుందో చెప్పలేదు. హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు ఈ విషయాన్ని పట్టుకున్నారు. 1978లో మొదలైన చిన్న బృందం అది, ఆఫీసు లేదు, నిధులు లేవు. 1986లో ఢిల్లీ సహేలీ వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ వ్యాజ్యం 2000 దాకా నడిచింది. చివరకు ప్రభుత్వం నెట్-ఎన్‌ను సామూహిక కార్యక్రమంలోకి తీసుకురాబోమని ఒప్పుకుంది.

ఆ వ్యాజ్యం పూర్తిగా గెలిచినట్టు నేను చెప్పను. 2017లో మరో ఇంజెక్షన్ 'అంతర' పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి వచ్చింది. సరిగా వివరించి, వెంట ఉండి చూసుకుంటే కొందరు స్త్రీలకు అది మేలే కావచ్చు, ఆ చర్చ వేరు. పటాన్‌చెరు తేల్చింది మరొకటి. మందు మంచిదా చెడ్డదా అన్నదానికి ముందు, ఆమెకు చెప్పారా అన్న ప్రశ్న ఒకటుందని మన దేశంలో చట్టం ముందు నిలబెట్టిన తొలి సందర్భాల్లో అది ఒకటి. ఆ ప్రశ్న అడిగినవారు తెలుగు స్త్రీలు. అదే సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది, తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల గొంతులను పుస్తకానికెక్కించింది. దళాల్లో తిరుగుతూ కన్న బిడ్డను ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్లవలసి వచ్చిన తల్లి కథ అందులో ఉంది. విప్లవ పార్టీ కూడా తల్లి కావడాన్ని ఒక అడ్డంకిగానే చూసిందని ఆ పుస్తకం ఏ ఆర్భాటమూ లేకుండా బయటపెట్టింది. ఆ తరువాత అదే స్త్రీలు 'సవాలక్ష సందేహాలు' అనే ఆరోగ్య పుస్తకం తెచ్చారు. నెలసరి, కాన్పు, అబార్షన్, గర్భసంచి గురించి ఆడవాళ్లకు అర్థమయ్యే తెలుగులో అంత నిస్సంకోచంగా రాయడం అంతకు ముందు అరుదు. ఆ కాలంలోనే పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' కవితలు వచ్చాయి. పండితులు కొందరు ముక్కు మీద వేలేసుకున్నారు. ఇవాళ వాటిని విశ్వవిద్యాలయాల్లో పాఠం చెబుతున్నారు.

అదే రింగురోడ్డు మీద హైదరాబాద్‌కు రెండో వైపుకు వెళితే ఇబ్రహీంపట్నం. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో క్యాంపు పెట్టి 34 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగతావారిని హుటాహుటిన నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. విచారణలు జరిగాయి, అధికారుల మీద చర్యలు తీసుకున్నారు, కుటుంబాలకు పరిహారం ఇచ్చారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ క్యాంపుల్లో ఆపరేషన్ చేయించుకున్న 13 మంది స్త్రీలు చనిపోయారు. ఆ ఘటన కూడా పరిశీలనకు వచ్చిన దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో తీర్పు ఇస్తూ మూడేళ్లలో ఈ క్యాంపుల పద్ధతినే మానేయమంది. మూడేళ్లంటే 2019. ఇబ్రహీంపట్నం జరిగింది 2022లో. పరికరాల శుభ్రత గురించి మాట్లాడినవారు ఈ తేదీల గురించి మాట్లాడలేదు. నా దృష్టిలో అసలు నేరం ఆ తేదీల మధ్య ఖాళీలో ఉంది. ఒక స్త్రీకి సావకాశంగా, ఆమె ఎంచుకున్న రోజున, పక్కన నర్సు ఉండి మాట్లాడుతూ చేయగలిగిన చిన్న ఆపరేషన్‌ను వరస కట్టించి చేయడం ఎందుకు? లక్ష్యాలు కాగితం మీద పోయి పాతికేళ్లయినా లెక్క నింపే అలవాటు పోలేదు గనక.

గర్భసంచి సంగతి దీనికి కొనసాగింపు. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం దరిదాపు, తెలంగాణలో 8 శాతం దరిదాపు. తెల్లబట్ట, నడుంనొప్పి, క్యాన్సర్ భయం, పొలం పనికి నాగా పడకూడదన్న ఆత్రం, వాటిని సొమ్ము చేసుకునే ఆసుపత్రులు. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంక అదెందుకు' అని డాక్టరు అంటే ముప్పై ఏళ్ల తల్లికి అదీ నిజమే అనిపిస్తుంది. ఆమెకు ఆ అవయవం పిల్లల కోసమేనని ఇరవై ఏళ్లుగా అందరూ చెప్పారు మరి. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసర తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. కాన్పుల సంగతీ అంతే. ఆ సర్వే నాటికి తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలో అప్పటికి అదే అత్యధికం.

ఖమ్మం గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. 2009లో, అప్పట్లో ఆ జిల్లాలోనే ఉన్న భద్రాచలం ప్రాంతంలో వేలమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చారు, ఎక్కువమంది ఆదివాసీ, పేద కుటుంబాల పిల్లలు. ఆ పిల్లల్లో తరువాత జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది, ఆ టీకా మంచిదే. కానీ ఎన్నో అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. పటాన్‌చెరు జరిగిన దాదాపు పాతికేళ్లకు!

సంతకం మాట వచ్చింది కనక ఆసుపత్రి బల్ల దగ్గరికే వెళ్దాం. 1971 చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన, మానసిక అస్వస్థత లేని స్త్రీ అబార్షన్‌కు ఆమె ఒక్కరి సమ్మతి చాలు. భర్త సంతకం అక్కర్లేదు, అత్త సంతకం అక్కర్లేదు. ఆచరణలో 'మీ ఆయన్ని తీసుకురామ్మా' అన్న మాట వినని స్త్రీ ఈ సభలో ఉంటే చేయెత్తమని అడగాలనిపిస్తోంది. పద్దెనిమిది నిండని అమ్మాయిల పరిస్థితి మరీ కష్టం. 2012 పోక్సో చట్టం కింద డాక్టరు పోలీసుకు చెప్పి తీరాలి. ఆ భయంతో ఆ పిల్ల ఆసుపత్రికే రాదు, నెలలు గడిచిపోతాయి. మైనరు, ఆమె సంరక్షకులు కోరితే ఆమె పేరు, గుర్తింపు వెల్లడించనక్కర్లేదని 2022 తీర్పు చెప్పింది. ఈ ఊళ్లలో ఎందరు డాక్టర్లకు ఆ సంగతి తెలుసు? 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు. అంటే చట్టం కళ్లలో ఈ పెళ్లిళ్లలో వచ్చే తొలి గర్భాలు ఎన్నో పోలీసు కేసులే.

అందుకే మనవాళ్లు మందుల దుకాణానికి వెళతారు. 2015లో దేశంలో జరిగిన కోటీ 56 లక్షల అబార్షన్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆసుపత్రి బయట మాత్రలతోనే జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. సరైన సమయంలో, సరైన మోతాదులో వాడితే ఆ మాత్రలు సురక్షితమే. ఎన్ని వారాలైందో చెప్పేవారు, రక్తస్రావం ఆగకపోతే చేర్చుకునేవారు లేకపోవడమే ప్రమాదం. మరోవైపు ఆడపిల్ల పిండాలను కాపాడాలన్న న్యాయమైన ఆరాటం కూడా ఈ మాత్రల మీద అనుమానపు నీడ వేసింది. లింగనిర్ధారణ 1994 చట్టం కింద నేరం, అలాగే ఉండాలి కూడా. స్కానింగులో ఆడో మగో తెలిసేది సాధారణంగా మూడు నెలలు నిండాకే. ఏడెనిమిది వారాలకు మాత్ర అడిగిన స్త్రీని ఆడపిల్లను చంపబోతున్నదానిగా చూడటం తెలివితక్కువతనమే కాక క్రూరత్వం.

ఇప్పుడు లెక్క తలకిందులైన వేళకు వద్దాం. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 1995 మే 30 తరువాత మూడో బిడ్డ పుట్టినవారు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులుగా ఉండేవారు. ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లో దీని ఫలితాలను పరిశీలించిన నిర్మలా బుచ్ అధ్యయనానికి భార్యలను వదిలేసినవారు, బిడ్డను దత్తతకు ఇచ్చేసినవారు, కడుపు తీయించినవారు ఎదురయ్యారు. సర్పంచ్ కుర్చీ మగవాడిది, మూల్యం ఆమెది. 2003లో సుప్రీంకోర్టు హర్యానా కేసులో ఇలాంటి నిబంధనను సమర్థించింది. 2017లో తెచ్చిన కేసీఆర్ కిట్ ఆర్థిక సాయం కూడా రెండు కాన్పుల వరకే ఉండేది. అంతలో గాలి మళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో సగటు సంతానం 1.7కు, తెలంగాణలో 1.8కు తగ్గింది. ముసలివారు పెరుగుతున్నారు, నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాది సీట్లు తగ్గుతాయన్న దిగులు పట్టుకుంది. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమన్నారు, నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తివేసింది. మరుసటి ఏడాది తెలంగాణ మంత్రివర్గమూ అదే దారి పట్టింది. 1997లో ఆంధ్రప్రదేశ్ జనాభా విధానం తెచ్చి చిన్న కుటుంబాన్ని ఉద్యమంగా నడిపిందీ చంద్రబాబు ప్రభుత్వమే.

నిబంధన పోవడం మంచిదే. దాన్ని ఏ కారణంతో తీసేశారన్నదే నా అభ్యంతరం. పార్లమెంటు సీట్ల కోసం కనమనే రాజ్యం, ఆహార ధాన్యాల కోసం కనవద్దన్న రాజ్యం ఒక్కటే. ఇవాళ్టి పిలుపుకు తగ్గ ఫలితం రాకపోతే రేపు అబార్షన్ సేవల మీద చూపు పడదని ఎవరు హామీ ఇవ్వగలరు? అమెరికాలో 2022 జూన్ 24న దాదాపు యాభై ఏళ్ల గర్భస్రావ హక్కు ఒక్క పూటలో పోయింది. టెక్సాస్‌లో డాలస్ చుట్టూ కాపురముంటున్న వేలాది మన తెలుగు అమ్మాయిలు ఇప్పుడు గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన చట్టం కింద గర్భం మోస్తున్నారు. అమెరికాలోని నల్లజాతి స్త్రీలు 1994లో షికాగోలో కూడి పునరుత్పత్తి న్యాయం అన్న భావన ముందుకు తెచ్చారు. బిడ్డ వద్దనుకునే హక్కు, కావాలనుకునే హక్కు, కన్నబిడ్డను భద్రంగా పెంచుకోగల పరిస్థితులు, మూడూ కలిస్తేనే న్యాయమన్నారు. తమ తల్లులకు చెప్పకుండా ఆపరేషన్లు చేసిన చరిత్ర వారికీ ఉంది. పటాన్‌చెరు, ఇబ్రహీంపట్నం తెలిసిన మనకు ఆ మూడింటిలో ఏదీ కొత్తగా అనిపించదు.

బౌరంపేట్‌కు వస్తాను. పదిహేనేళ్ల కిందటి పొలాల్లో ఇవాళ విల్లాలు లేచాయి. వాటిని కడుతున్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బిహార్ స్త్రీలు రేకుల షెడ్లలో ఉంటున్నారు. చుట్టూ బాచుపల్లి, శామీర్‌పేట మందుల పరిశ్రమలు ప్రపంచానికంతా మాత్రలు పంపుతున్నాయి. నెల తప్పిన కూలీ తల్లికి భాష రాదు, ఆధార్ చిరునామా ఇక్కడిది కాదు, ఒక రోజు పని మానితే కూలి పోతుంది. మూడో బిడ్డను కనమన్న పిలుపు ఆమెను ఉద్దేశించింది కాదు, వద్దనుకుంటే చట్టం ఇచ్చిన వెసులుబాటు ఆమెకు అందదు.

తెలంగాణలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018-20 నాటికి 43కు తగ్గాయి. అది ఈ సభలో ముందు వరసలో కూర్చున్న ఆశా అక్కల కష్టం, ప్రభుత్వాల కృషి. అంత చేయగలిగిన యంత్రాంగాన్ని మరికొంత అడగడం అత్యాశ కాదు. 2021 నిబంధనలు తొమ్మిది వారాల లోపు గర్భానికి అర్హుడైన డాక్టరు మాత్రలతోనే అబార్షన్ చేయవచ్చంటున్నాయి. దానికి పెద్ద థియేటర్ అక్కర్లేదు. మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారంలో అన్ని రోజులూ ఆ సేవ ఉండాలి. ఆపరేషన్‌కు వచ్చిన స్త్రీకి ముందుగా వేరే పద్ధతులన్నీ చెప్పి, కనీసం ఒక రోజు ఆలోచించుకోనివ్వాలి. క్యాంపులు సుప్రీంకోర్టు చెప్పినట్టు ఆగాలి. అబార్షన్‌కు భర్త సంతకం అవసరం లేదని తెలుగు, హిందీ, ఒడియా భాషల్లో రాసిన బోర్డు ప్రతి ఆసుపత్రి ఓపీ చీటీల కిటికీ పక్కన ఉండాలి. ఈ నాలుగూ కొత్త చట్టాలేమీ కోరవు. జిల్లా వైద్యాధికారి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఆ ఉత్తర్వు కోరుతూ రాసిన వినతిపత్రం సభ తరువాత ఈ బల్ల మీద ఉంటుంది, చదివి సమ్మతి ఉన్నవారు సంతకం చేయండి.